బ్యూటీషియన్ కోర్సు ఎక్కడ చేయాలి: ఐటీఐనా, ప్రైవేట్ అకాడమీనా, ఉచిత శిక్షణా, పార్లరా?

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మా పార్లర్‌లో ఐబ్రోస్ చేయించుకునే వాళ్లకంటే పక్క కుర్చీలో కూర్చుని సలహా అడిగే తల్లులే ఎక్కువగా కనిపిస్తారు. "అక్కా, మా అమ్మాయికి బ్యూటీషియన్ కోర్సు చేయిద్దామనుకుంటున్నాం, ఎక్కడ చేర్పించమంటావు?" అని మొదలుపెడతారు, చేతిలో అప్పటికే ఏదో అకాడమీ రంగుల కరపత్రం ఉంటుంది. ఒక చేత్తో దారం పట్టుకుని అరగంట చెప్పలేను కాబట్టి తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను. ఖమ్మంలో పన్నెండేళ్లుగా పార్లర్ నడుపుతున్నాను, నా దగ్గర నేర్చుకుని వెళ్లిన పిల్లలు అటు హైదరాబాద్‌లో, ఇటు విజయవాడలో పనిచేస్తున్నారు. నేను చెప్పేది తెలంగాణకీ ఆంధ్రాకీ కూడా సరిపోతుంది. అమెరికా వెళ్లబోయే వాళ్లకి వేరే లెక్క ఉంది, అదీ చెబుతాను.

ముందు ఒక మాట. కోర్సుకి డబ్బు కట్టినప్పుడు మీకు రెండు రావాలి: చేతికి పని, చేతిలో కాగితం. ఈ రెండూ ఒకేచోట బాగా దొరకడం అరుదు. కొన్నిచోట్ల పని బాగా నేర్పుతారు కానీ కాగితానికి విలువ ఉండదు, కొన్నిచోట్ల కాగితం గట్టిది కానీ పిల్ల బయటికొచ్చాక అప్పర్ లిప్ చేయడానికే చేయి వణుకుతుంది. ఎక్కడ ఏది దొరుకుతుందో తెలుసుకుని, తక్కువైన దాన్ని ఇంకోచోట పూడ్చుకోవాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే మా అమ్మ గొలుసు కుదువ పెట్టాల్సిన అవసరం వచ్చేది కాదు.

2012లో హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 38 వేలు కట్టి ఆరు నెలల 'ఇంటర్నేషనల్ డిప్లమో' చేశాను. బంగారు అక్షరాలు, మధ్యలో భూగోళం బొమ్మ, కింద రెండు సీళ్లు, ఆ సర్టిఫికెట్ చూసి ఇంట్లో అందరం మురిసిపోయాం. నాలుగేళ్ల తర్వాత మా జిల్లాలోనే ఒక ప్రైవేట్ ఐటీఐలో కాస్మటాలజీ చెప్పడానికి మనిషి కావాలంటే వెళ్లాను. అక్కడి ఆయన నా ఫైలు తెరిచి, ఆ డిప్లమో పక్కకి జరిపి, "ఎన్‌టీసీ ఉందామ్మా?" అని అడిగారు. ఆ మాట నేను మొదటిసారి వినడం అప్పుడే. పని రాదని వెనక్కి పంపలేదు, కాగితం ఆ లెక్కలోకి రాదని పంపారు. బస్సులో ఏడుస్తూ వచ్చాను. అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

ఇప్పుడు లైసెన్స్ సంగతి. మన దేశంలో బ్యూటీషియన్ అనే మనిషికి విడిగా లైసెన్స్ అంటూ లేదు. డాక్టర్‌కి మెడికల్ కౌన్సిల్, లాయర్‌కి బార్ కౌన్సిల్ ఉన్నట్టు మనకు ఏ కౌన్సిలూ లేదు, పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకుంటేనే దారం పట్టాలన్న నియమమూ లేదు. లైసెన్సులు షాపుకి సంబంధించినవి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, లేబర్ డిపార్ట్‌మెంట్‌లో షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ. ఎవరైనా "మా కోర్సు చేయకపోతే పార్లర్ పెట్టుకోవడానికి లైసెన్స్ రాదు" అని భయపెడితే అది అబద్ధం, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మరి సర్టిఫికెట్ ఎందుకు అంటే, కొన్ని తలుపులు అది చూపిస్తేనే తెరుచుకుంటాయి. ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ కావాలన్నా, స్టైపెండ్‌తో అప్రెంటిస్‌గా చేరాలన్నా, బ్యాంకు నుంచి సబ్సిడీ లోన్ తీసుకోవాలన్నా, పెద్ద సెలూన్ చెయిన్లలో చేరాలన్నా, విదేశాలకి వెళ్లాలన్నా కాగితం అడుగుతారు. పైగా ఒక్కో తలుపుకి ఒక్కో కాగితం. ఇంట్లో ముందు గదిలో అద్దం పెట్టుకుని చుట్టుపక్కల వాళ్లకి చేసుకుంటాను అనే ఆవిడకి ఇవేవీ అక్కర్లేదు, పని వస్తే చాలు. అందుకే నన్నడిగిన వాళ్లని నేను మొదట అడిగేది "ఎంత కట్టగలరు" అని కాదు, "రెండేళ్ల తర్వాత అమ్మాయి ఎక్కడ ఉండాలనుకుంటున్నారు" అని.

అందరూ మోసపోయేది 'గుర్తింపు' అనే మాట దగ్గర. ఏ బోర్డు చూసినా 'ప్రభుత్వ గుర్తింపు పొందినది' అని ఉంటుంది. ఏ ప్రభుత్వం, ఏ సంస్థ, ఏ కోర్సుకి ఇచ్చిన గుర్తింపు అని అడిగితే సగం మంది నీళ్లు నములుతారు. ఐఎస్ఓ 9001 అని రాసి ఉంటే ఆ ఆఫీసు పనులు ఒక పద్ధతిలో నడుస్తున్నాయని అర్థం, అంతే, కోర్సుకీ దానికీ సంబంధం లేదు. ఎంఎస్ఎంఈ రిజిస్టర్డ్ అంటే ఉద్యం రిజిస్ట్రేషన్, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేకుండా వస్తుంది, నా పార్లర్‌కీ ఉంది. సొసైటీ రిజిస్ట్రేషన్ నంబర్, ట్రేడ్ మార్క్, ఎవరో సినిమా తార చేతుల మీదుగా ప్రారంభం, ఇవేవీ గుర్తింపు కాదు.

మన దగ్గర అసలు గుర్తింపు అంటే రెండు దారులు. ఒకటి ఐటీఐ దారి: కేంద్రంలో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ కింద నడిచేది, ఎన్‌టీసీ, అంటే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. రెండోది స్కిల్ ఇండియా దారి: బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్లు. వాటిపై ఎన్‌ఎస్‌క్యూఎఫ్ లెవెల్ అని ఒక అంకె ఉంటుంది, నైపుణ్యం ఏ మెట్టులో ఉందో అది చెబుతుంది. ఈ మొత్తం వ్యవస్థని చూసేది 2018లో ఏర్పాటైన ఎన్‌సీవీఈటీ అనే జాతీయ మండలి. అకాడమీ వాళ్లు "మేము ఎన్‌ఎస్‌డీసీ పార్ట్‌నర్" (జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ భాగస్వామి) అంటే సరే అనేయకండి, పార్ట్‌నర్ అయి ఉండవచ్చు, కానీ మీరు డబ్బు కట్టే ఆ కోర్సుకి, ఆ బ్రాంచిలో, ఏ సర్టిఫికెట్ వస్తుందో పాత విద్యార్థిది ఒకటి చూపించమనండి. దానిపై క్యూఆర్ కోడ్ ఉంటే అక్కడికక్కడే మీ ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. ఐటీఐ సర్టిఫికెట్ అయితే ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. రెండు నిమిషాల పని, చేయడానికి మొహమాటపడకండి, కట్టేది మీ డబ్బు.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం. నా ఓటు ముందే చెప్పేస్తున్నాను: పదో తరగతి పాసై, ఏడాది టైమ్ ఉన్న అమ్మాయికి ఐటీఐని మించింది లేదు. అయినా నన్నడిగే వాళ్లలో పదిమందికి ఒక్కరు కూడా దాని గురించి విని ఉండరు. ఐటీఐ అంటే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అనే అనుకుంటారు, అందులో కాస్మటాలజీ అని ఒక ట్రేడ్ ఉందని తెలియదు. అప్లికేషన్‌లో 'బ్యూటీషియన్' అని వెతికితే దొరకదు, 'కాస్మటాలజీ' అనే వెతకాలి. ఒక ఏడాది కోర్సు, పదో తరగతి పాసై ఉండాలి, 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి పరిమితి లేదు కాబట్టి పెళ్లయిన వాళ్లు, పిల్లల తల్లులు కూడా చేరవచ్చు. 2022లో మార్చిన సిలబస్ ప్రకారం ఏడాదిలో 1200 గంటలు, అందులో 840 గంటలు చేత్తో చేసే ప్రాక్టికల్సే, ఇవి కాక 150 గంటలు బయట సెలూన్‌లోనో మరోచోటో పనిలో శిక్షణ. వాక్సింగ్, ఫేషియల్, మేకప్, హెయిర్ కట్, కలరింగ్, మెహందీ వరకూ ఉంటాయి. చివర దేశమంతటికీ ఒకే ట్రేడ్ టెస్ట్. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు ప్రైవేట్ అకాడమీతో పోలిస్తే లెక్కలోకే రాదు.

ఆ ఎన్‌టీసీ ఉంటే తర్వాత సీఐటీఎస్ అని ఇంకో ఏడాది ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ చేసి ఐటీఐల్లో పాఠాలు చెప్పవచ్చు. 2016లో నా ముందు మూసుకుపోయిన తలుపు అదే.

లోటుపాట్లు కూడా చెప్పాలి. ప్రతి ఐటీఐలో ఈ ట్రేడ్ లేదు, మీ ఊళ్లో ఉండకపోవచ్చు, హాస్టల్ ఖర్చు చూసుకోవాలి. అడ్మిషన్లు పదో తరగతి ఫలితాల తర్వాత వేసవిలోనే మొదలవుతాయి, పదో తరగతి మార్కుల మెరిట్ మీద సీట్లు ఇస్తారు, గడువు దాటితే తర్వాతి విడత కౌన్సెలింగ్‌లో మిగిలిన సీట్లే దిక్కు. బ్యాచ్‌లో 24 మంది ఉంటారు, పెళ్లికూతురి మేకప్ లాంటి మార్కెట్ పనులు, కొత్త ప్రొడక్టులు ఎంత బాగా వస్తాయన్నది అక్కడి మేడమ్ మీద ఆధారపడి ఉంటుంది. ప్రైవేట్ ఐటీఐ అయితే దానికున్నది కేంద్రం అనుబంధమా (జనం ఇప్పటికీ ఎన్‌సీవీటీ అనే అంటారు), రాష్ట్ర స్థాయి ఎస్‌సీవీటీనా అని, అదీ కాస్మటాలజీ ట్రేడ్‌కే ఉందా అని అడిగి తెలుసుకోండి. ఐటీఐకి అనుబంధం ఉండి, ఈ ట్రేడ్‌కి లేకపోతే ఏడాది పోయినట్టే.

ఏడాది ఆగలేం, వెంటనే సంపాదన కావాలి, చేతిలో డబ్బు లేదు అనే ఇళ్లకి ఉచిత శిక్షణలు ఉన్నాయి. వీటిలో నాకు బాగా నచ్చేది ఆర్‌సెటి, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడుపుతాయి, గ్రామాల వాళ్ల కోసం, 18 ఏళ్లు నిండి ఉండాలి. బ్యూటీ పార్లర్ మేనేజ్‌మెంట్ కోర్సు నెల రోజులకి అటూ ఇటూగా ఉంటుంది, తిండి, ఉండటం అన్నీ వాళ్లవే. ఈ పద్ధతి 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైంది, అది చూసే తర్వాత దేశమంతా పెట్టారు. దీంట్లో గొప్ప ఏంటంటే, శిక్షణ అయిపోగానే చేతులు దులుపుకోరు, తర్వాత రెండేళ్లపాటు వెంట ఉండి బ్యాంకు లోన్ దాకా నడిపించాలనేది వాళ్ల పద్ధతి. పీఎంఈజీపీ అనే కేంద్రం స్వయం ఉపాధి లోన్ పథకంలో పల్లెల్లో పార్లర్ పెట్టే మహిళలకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, పట్టణాల్లో అయితే 25 శాతం సబ్సిడీ ఉంది, మన చేతి నుంచి పెట్టాల్సింది 5 శాతం. ఆ ఫైలు కదలాలంటే శిక్షణ తీసుకున్న కాగితం బలం అవుతుంది.

పీఎంకేవీవై (కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం) సెంటర్లు, జన శిక్షణ సంస్థాన్, హైదరాబాద్‌లో అయితే 1978 నుంచి ఉన్న సెట్విన్, ఇవి కూడా చూడదగ్గవే. పీఎంకేవీవైలో అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్, బ్యూటీ థెరపిస్ట్, హెయిర్ స్టైలిస్ట్ అని ఉంటాయి, పరీక్ష పాసైతే స్కిల్ ఇండియా సర్టిఫికెట్ వస్తుంది. కానీ ఒక నెలలోనో మూడు నెలల్లోనో పార్లర్ నడిపే చేయి రాదు, ఇది గట్టిగా చెబుతున్నాను. అక్కడ అక్షరాలు వస్తాయి, వాక్యం రాయాలంటే తర్వాత కనీసం ఆరు నెలలు ఎవరి దగ్గరైనా పనిచేయాలి. ఉచిత శిక్షణ అయిపోయిన వారమే అప్పు చేసి ఏసీ, స్టీమర్, హైడ్రాలిక్ కుర్చీ కొనేసి, మొదటి నెలలో ఒకరి కనుబొమ్మ మధ్యలో గండి పెట్టి, ఆ వీధిలో పేరు పోగొట్టుకున్న అమ్మాయి నాకు తెలుసు. పిల్ల మంచిది, తొందరే కొంప ముంచింది.

ప్రైవేట్ అకాడమీల గురించి చాలామంది రెండు రకాలుగా మాట్లాడతారు, అన్నీ దోపిడీయే అంటారు లేదా పెద్ద బ్రాండ్ అయితే కళ్లు మూసుకుని చేర్పించేస్తారు. రెండూ తప్పే. లాక్మే, వీఎల్‌సీసీ, నేచురల్స్ లాంటి పెద్ద పేర్లు ఉన్నాయి, అదే వీధిలో మేకప్ ఆర్టిస్టులు సొంతంగా నడిపే చిన్న అకాడమీలూ ఉన్నాయి. ఇప్పటికే పని వచ్చి, హెచ్‌డీ మేకప్, ఎయిర్‌బ్రష్, అడ్వాన్స్‌డ్ హెయిర్ కట్, కలర్ లాంటి ఒక మెట్టు పైకి ఎక్కాలనుకునే వాళ్లకి మంచి అకాడమీలో రెండు మూడు నెలలు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఏమీ రాని పిల్లని లక్ష దాటిన ఫీజుతో నేరుగా అక్కడ చేర్పించడమే నాకు మనసు ఒప్పుకోదు, ఎందుకంటే ఆ లక్షలో సగం దారం పట్టడం, వాక్స్ రాయడం నేర్చుకోవడానికే పోతుంది.

మా ఆడపడుచు కూతురి కోసం మొన్నామధ్య ఒక అకాడమీ చూడటానికి వెళ్లాం. కింద రిసెప్షన్‌లో పూలకుండీలు, కాఫీ, ఒకావిడ ట్యాబ్‌లో ఫొటోలు చూపిస్తూ "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ మేడమ్" అంటోంది. నేను పైన ప్రాక్టికల్ రూమ్ చూస్తానన్నాను. రెండు నిమిషాలు ఆలోచించి పంపారు. నాలుగు కుర్చీలు ఉన్నాయి, గోడ వారగా నిలబడిన పిల్లల్ని లెక్కపెట్టాను, 28 మంది. ఒక మేడమ్ ఒక డమ్మీ తలకి బ్లో డ్రై చేసి చూపిస్తోంది, వెనక వరుసలో ఉన్నవాళ్లు ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నారు, అద్దం దగ్గర షెల్ఫ్‌లో పెట్టిన మిగతా డమ్మీల జుట్టుపై దుమ్ము. దువ్వెనలన్నీ ఒకే డబ్బాలో, వాటిలో ఎవరివో వెంట్రుకలు అలాగే ఉన్నాయి. వెనక్కి తిరిగి మెట్లు దిగుతుంటే మా అమ్మాయి, "అత్తా, బాగుంది కదా?" అంది. దానికి పూలకుండీలు కనిపించాయి, నాకు దువ్వెనలు కనిపించాయి.

మీరు వెళ్లినప్పుడు చూడాల్సింది అదే: ఒక్కో కుర్చీకి ఎంతమంది పిల్లలు, వారానికి ఎంతమంది నిజమైన మనుషులకి పని చేయనిస్తారు. డమ్మీకి నొప్పి తెలియదు, చర్మం కందదు, కన్ను ఆర్పదు. మొదటి వారంలో ఏం నేర్పుతారో అడగండి. పరికరాలు శుభ్రం చేయడం, హెయిర్ డై వేసే ముందు ఒకటి రెండు రోజులు ముందే చెవి వెనకో మోచేతి మడతలోనో రాసి చూసే ప్యాచ్ టెస్ట్, వాక్స్ వేడి మణికట్టుపై చూసుకోవడం, ఇవి చెప్పకుండా నేరుగా బ్రైడల్ మేకప్‌తో మొదలుపెట్టే చోటు నాకు నమ్మకం కలిగించదు.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. ప్రైవేట్ శిక్షణ ఫీజుపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది, లక్ష అని చెప్పింది చివరికి లక్షా పద్దెనిమిది వేలు అవుతుంది, కిట్, పరీక్ష ఫీజు, యూనిఫాం కలిపారో లేదో ముందే కాగితంపై రాయించుకోండి. 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నారంటే సాధారణంగా అది అకాడమీకి మీరు కట్టే వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరుపై ఇచ్చిన లోన్. మధ్యలో ఆరోగ్యం బాగోక మానేసినా, పెళ్లి కుదిరినా, ఆ బ్రాంచే మూతపడినా వాయిదాల కోసం ఫోన్లు మీకే వస్తాయి. సంతకం పెట్టే ముందు మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి, ఇవ్వమంటే ఇవ్వమనే రాసి ఇమ్మనండి. ప్లేస్‌మెంట్ మాటకొస్తే, పోయిన బ్యాచ్‌లో ముగ్గురితో మాట్లాడించమనండి, చాలు.

'ఇంటర్నేషనల్' అనే మాటకి కూడా అర్థం ఉంది, కొన్ని నిజమైనవే. సిడెస్కో అనే అంతర్జాతీయ బ్యూటీ థెరపీ సంస్థ 1946లో మొదలైంది, దాని కేంద్రం జ్యూరిక్‌లో ఉంది, చాలా దేశాల్లో స్పాలు, క్రూయిజ్ షిప్‌లు ఆ డిప్లమోని గౌరవిస్తాయి. బ్రిటన్ వాళ్ల సిటీ అండ్ గిల్డ్స్, ఐటెక్ కూడా అలాంటివే. కానీ పరీక్ష నిజంగా ఆ సంస్థే పెడుతుందా, సర్టిఫికెట్ వాళ్ల దగ్గర నుంచే వస్తుందా, దానికి విడిగా ఎంత కట్టాలి అన్నది తేల్చుకోవాలి. నాకిచ్చిన కాగితంపై ఉన్న భూగోళం ఏ దేశానిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో హెచ్చరిక. ఈమధ్య 'క్లినికల్ కాస్మటాలజీ' పేరుతో లేజర్, మైక్రోనీడ్లింగ్, పీఆర్‌పీ (మనిషి రక్తమే తీసి, దాన్నుంచి తయారుచేసి సూదితో ఎక్కించేది), ఫిల్లర్లు, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అసిస్టెంట్ అని ఇంటర్ చదివిన పిల్లలకి కూడా డిప్లమోలు అమ్ముతున్నారు. సూది, లేజర్, రక్తం తీసేది డాక్టర్ల పని. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఎవరు చేయాలో నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, అందుకు తగిన శిక్షణ ఉన్న డాక్టర్లే చేయాలి. మీ అమ్మాయి చేతుల మీదుగా ఎవరికైనా ముఖం కాలితే కేసు ఆ పిల్ల మీదకొస్తుంది, డిప్లమో ఇచ్చిన వాళ్ల మీదకి కాదు. ఎంత తక్కువ ఫీజైనా, ఎంత జీతం వస్తుందన్నా ఆ వైపు చూడకండి.

ఇప్పుడు పార్లర్‌లో నేర్చుకోవడం. మన ఊళ్లలో ఎక్కువమంది ఇలాగే వచ్చారు, నేనూ డిప్లమో తర్వాత ఏడాదిన్నర ఒక అక్క దగ్గర చేశాకే నా చేయి తిరిగింది. థ్రెడింగ్ తీసుకోండి. దారం మెడ వెనక నుంచి తెచ్చుకుని రెండు చేతుల వేళ్ల మధ్య ఆరేడు మెలికలు తిప్పి, ఒక చేతి వేళ్లు విప్పితే రెండో వైపు మెలిక జారుతూ వెంట్రుకని పట్టుకుంటుంది. మొదటి పది రోజులు మీ కాలి పిక్క మీదే చేసుకోవాలి, వెంట్రుక తెగుతోందా కుదురుతో వస్తోందా అన్నది అక్కడే తెలుస్తుంది. తర్వాత మనిషి వస్తుంది, ఆవిడ తన వేళ్లతో చర్మం లాగి పట్టుకోవడం మరిచిపోతే కనుబొమ్మ చివర పల్చటి చోట దారం కోస్తుంది, చిన్న ఎర్ర గీత పడుతుంది. ఆ గీత పడకుండా ఎంత బిగువు ఉండాలో చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ లేదు, కొన్ని వందల ముఖాలు చేశాక వేళ్లకే తెలుస్తుంది.

పూలజడ, చీరకట్టు, పెళ్లికూతురి మేకప్ కూడా పార్లర్‌లోనే బాగా వస్తాయి. మా దగ్గర ఒక పెళ్లికూతుర్ని చేస్తే వచ్చే డబ్బు నెలంతా ఐబ్రోస్ చేసినా రాదు. అందుకే పార్లర్‌లో చేరేవాళ్లకి నేను చెప్పేది, ఆషాఢంలోనో మౌఢ్యంలోనో చేరకండి, ముహూర్తాలు ఉండవు, ఖాళీగా కూర్చుని విసుగొస్తుంది. శ్రావణం మొదట్లోనో, మాఘమాసం మొదట్లోనో చేరితే రెండు నెలల్లో పాతిక పెళ్లిళ్లు దగ్గరుండి చూస్తారు. చేరే ముందే మాట్లాడుకోండి: ఎన్నాళ్లకి కస్టమర్‌ని ముట్టుకోనిస్తారు, జీతం ఎప్పటి నుంచి. ఏడాది పాటు ఊడ్పించి, టవళ్లు ఉతికించి, నేర్పకుండా గడిపేవాళ్లు కూడా ఉన్నారు. నేను మూడో నెల నుంచి అప్పర్ లిప్, నాలుగో నెల నుంచి ఐబ్రోస్ ఇస్తాను, పక్కనే నిలబడి.

పార్లర్ చదువులో కాగితం ఉండదు. దానికీ దారి ఉంది: స్కిల్ ఇండియా కింద ఆర్‌పీఎల్, అంటే ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. చిన్న ఓరియెంటేషన్, తర్వాత పరీక్ష. నేనూ అలాగే తెచ్చుకున్నాను. కులవృత్తిగా సెలూన్ నడిపే నాయీబ్రాహ్మణ కుటుంబాల వాళ్లయితే 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ చూడండి, దాని 18 వృత్తుల్లో క్షురక వృత్తి ఉంది, శిక్షణ రోజులకి రోజుకి 500, పనిముట్లకి 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకూ లోన్.

అమెరికా సంగతి పూర్తిగా వేరు. అక్కడ లైసెన్స్ మనిషికే, అదీ రాష్ట్రానికో రకం. ఇక్కడి ఏ డిప్లమో పట్టుకెళ్లినా దాంతో నేరుగా సెలూన్‌లో నిలబడలేరు. టెక్సాస్‌లో కాస్మటాలజీకి 1000 గంటల స్కూలు, 2021కి ముందు అది 1500. చర్మానికి సంబంధించిన ఎస్తటీషియన్ లైసెన్స్‌కి 750 గంటలు. కాలిఫోర్నియాలో 2022 నుంచి కాస్మటాలజీకి 1000, ఎస్తటీషియన్‌కి 600. న్యూజెర్సీలో కాస్మటాలజీకి 1200. గంటలయ్యాక బోర్డు పరీక్ష. అక్కడ అక్రెడిటేషన్ అంటే నాణ్యత గుర్తింపు స్కూలుకి, లైసెన్స్ మనిషికి, ఈ రెండూ వేరు. స్కూలుకి నకాస్ లాంటి సంస్థ అక్రెడిటేషన్ లేకపోతే, అర్హత ఉన్నవాళ్లకి కూడా ఫెడరల్ ఫీజు సాయం అందదు. రాష్ట్రం అనుమతి లేని స్కూలైతే గంటలే లెక్కలోకి రావు.

థ్రెడింగ్ విషయంలో మన వాళ్లకి సంబంధించిన ఒక పెద్ద తీర్పు ఉంది. థ్రెడింగ్ చేసేవాళ్లు కూడా 750 గంటల కోర్సు చేయాల్సిందేనని టెక్సాస్ పట్టుబడితే, కొందరు థ్రెడర్లు, సెలూన్ ఓనర్లు కోర్టుకెళ్లారు. ఆ గంటల్లో 320 దాకా దారం పనితో సంబంధం లేనివేనని 2015 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు వాళ్ల వైపే తీర్పు చెప్పింది. అది టెక్సాస్ వరకే, మీరు ఉండే రాష్ట్రం నియమం మీరు చూసుకోవాలి. హెచ్4 డిపెండెంట్ వీసా మీద వెళ్లే అమ్మాయిలకి మరీ మరీ చెబుతున్నాను, చదువుకోవచ్చు కానీ ఈఏడీ అనే పని అనుమతి కార్డు లేకుండా డబ్బు తీసుకుని ఇంట్లో ఐబ్రోస్ చేసినా అది అనుమతి లేని పనే, వీసాకి ముప్పు. ఇక్కడ కోర్సు చేసి వెళ్తున్నవాళ్లు బయల్దేరే ముందు స్కూలు లెటర్‌హెడ్‌పై ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు అని విడివిడిగా రాయించుకుని సీల్ వేయించుకోండి. ఆ గంటల్ని లెక్కలోకి తీసుకోవడం, మానడం అక్కడి బోర్డు ఇష్టం, కానీ ఆ కాగితం లేకపోతే అడగడానికే ఉండదు. ఐటీఐ చేసిన వాళ్లకి ఈ గంటల లెక్క సిలబస్‌లోనే ఉంటుంది.

మా ఆడపడుచు కూతురి విషయానికొస్తే, ఇంటికొచ్చాక రెండు రోజులు వాదన నడిచింది. "వదినా, ఐటీఐ అంటే చుట్టాలు ఏమనుకుంటారో" అని మా ఆడపడుచు, అకాడమీలో యూనిఫాం బాగుందని పిల్ల. లక్షా పద్దెనిమిది వేలు ఒక కాగితంపై వేసి, దాంట్లో వచ్చే రెండు కుర్చీలు, స్టీమర్, అద్దాలు, అడ్వాన్స్ అద్దె పక్కనే రాసి చూపించాను. ఐటీఐలో కాస్మటాలజీ సీటు వచ్చింది, హాస్టల్ దొరికింది, ఇప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా మా పార్లర్‌లోనే ఉంటుంది. పోయిన మాఘంలో మొదటిసారి పూలజడ తనే కట్టింది, మల్లెలు చివర్న కాస్త వదులైతే విప్పి మళ్లీ కట్టమన్నాను, తెల్లవారుజామున నాలుగింటికి కూర్చుని మళ్లీ కట్టింది. ఎన్‌టీసీ చేతికొచ్చాక ఎయిర్‌బ్రష్ నేర్చుకోవడానికి మంచి అకాడమీ వెతుకుదాం అంది. వెతుకుతాం, ఈసారి దువ్వెనలు అదే చూస్తుంది.